కొత్త బ్లెండరు, పెసర మొలకలు, ఆరడుగుల వంటిల్లు: మూడింటికీ నాతో పొసగడం లేదు

వేదాయపాళెం కోడలు · మే 11, ఉదయం 7:05

అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో అద్దె పోర్షను మాది. వంటిల్లు 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. గట్టు మీద పొయ్యి, నీళ్ల క్యాను, గిన్నెల బుట్ట పోగా మిగిలేది కత్తిపీట పట్టేంత చోటు. ఆ చోటు కోసమే పాత పెద్ద మిక్సీని సంక్రాంతికి ఊళ్లో అమ్మ దగ్గర దించి వచ్చాను. దాని బదులు పది రోజుల కిందట బులెట్ రకం చిన్న బ్లెండరు కొన్నాను. 400 వాట్లు, రెండు కప్పులు, రెండు బ్లేడ్లు.

పండ్ల రసం బాగానే చేసింది. కొబ్బరి పచ్చడి వేస్తే మాత్రం బ్లేడు దగ్గర గుప్పెడు మెత్తబడి, మిగతాదంతా వేసింది వేసినట్టే ఉంది. మొండిగా తిప్పుతూ పోయాను. కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. గుండె జారిపోయింది. అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ తిరిగింది! పైగా కప్పు అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఇక రెండో బాధ మొలకలు. అత్తయ్య ఉదయం పూట మొలకలు తింటానన్నారు. మూడుసార్లు పెసలు నానబెట్టాను. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, స్టీలు డబ్బాలో పోసి, గట్టు మీద చోటు లేక ఫ్రిజ్ మీద పెడుతున్నాను. మర్నాటి సాయంత్రానికి జిగురు, పులిసిన వాసన. మూడుసార్లూ చెట్టు మొదట్లోకే. అత్తయ్య ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడమే కష్టంగా ఉంది.

చీమకుర్తి బండ · మే 11, ఉదయం 7:31

మే నెలలో, నెల్లూరులో, ఫ్రిజ్ నెత్తిన, మూత పెట్టిన స్టీలు డబ్బాలో! మొలకలు రావమ్మా, గుగ్గిళ్లు వస్తాయి.

వైండింగ్ మేస్త్రి, ఒంగోలు · మే 11, ఉదయం 9:48

నేను మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాను. బ్లెండరు సంగతి నేను చెబుతాను, పెసల సంగతి వేరేవాళ్లు చూసుకోండి.

కొత్త మోటారు మొదటి నాలుగైదు సార్లు కాస్త వాసన వేయడం మామూలే. లోపలి తీగ చుట్ల మీద పూసిన వార్నిషు వేడికి వచ్చే వాసన అది. కానీ వాసనతో పాటు ఆగిపోయిందంటే మోటారు మీద మోయలేనంత బరువు పడిందని అర్థం. వేడి హద్దు దాటగానే కరెంటు తెంచే ఏర్పాటు లోపలే ఉంటుంది. పెద్ద మిక్సీలకైతే అడుగున ఎర్ర బొత్తాం ఉంటుంది, చల్లారాక దాన్ని నొక్కాలి. చిన్న బ్లెండర్లలో చాలావాటికి బొత్తాం ఉండదు, చల్లారితే తనంత తానే తిరుగుతుంది. మీది చెడిపోలేదు. మిమ్మల్ని ఒకసారి హెచ్చరించింది, అంతే. రోజూ హెచ్చరించనిస్తే మాత్రం చుట్లు కాలి నా దగ్గరికి వస్తుంది.

పచ్చడి తిరగకపోవడానికి కారణం వేరు. మిక్సీ గిన్నె వెడల్పు, బ్లేడ్లు నాలుగు పక్కలకూ చాచి ఉంటాయి, మోటారు 500 నుంచి 750 వాట్లు. గట్టి ముద్దనైనా చెదరగొడుతుంది. మీ కప్పు సన్నం, పొడుగు. అందులో పదార్థం సుడి తిరిగితేనే బ్లేడు దగ్గరికి వస్తుంది. సుడి తిరగాలంటే తడి కావాలి. తడి చాలకపోతే బ్లేడు చుట్టూ గాలి గూడు కట్టి, ఆ ఖాళీలో ఊరికే తిరుగుతుంది. మీరేమో పని జరుగుతోందని వింటూ నిలబడతారు.

ఇలా చేసి చూడండి. కప్పు మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. ఇది తలకిందులుగా పెట్టే కప్పు కాబట్టి ఆఖరున వేసింది బ్లేడుకు మొదట తగులుతుంది. గట్టి కొబ్బరి ముక్కలు, పప్పులు ముందు, మెత్తటివి తర్వాత, నీళ్లు ఆఖరున. నిలబడే పెద్ద జారుకు ఇది తిరగబడుతుంది, నీళ్లు ముందు పోయాలి. ఒక్క గుక్కలో తిప్పకుండా ఐదేసి సెకన్లు తిప్పి ఆపి, కప్పు తీసి, ఊపి, మళ్లీ పెట్టండి. ఎంత అవసరమైనా నిమిషం దాటొద్దు. దాటితే రెండు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి.

అడ్డంగా నాలుగు రెక్కలు లేచినట్టు ఉన్న బ్లేడు తడి వాటికి. చదునుగా ఉన్నది పొడులకు. వేడి సాంబారు, వేడి పప్పు, వేడి టమాటా అందులో వేసి బిగించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. మూత విప్పేటప్పుడు మొహం మీదికి చిమ్ముతుంది. అలా కాల్చుకుని వచ్చినవాళ్లను చూశాను.

కారడం అంటారా, బ్లేడు మూత లోపలి రబ్బరు వాషరు చూడండి. ఉందా, సరిగ్గా కూర్చుందా?

వేదాయపాళెం కోడలు · మే 11, మధ్యాహ్నం 12:20

వాషరు ఉందండీ. అసలు పెట్టెలో విడిగా ఇంకొకటి ఇస్తే అదీ వేశాను. అయినా కారుతోంది.

మొలకల డబ్బా ఫ్రిజ్ మీద నుంచి దించాను. ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కింద పెట్టాను.

పాత రోలు · మే 11, మధ్యాహ్నం 1:02

కొబ్బరి పచ్చడికి బ్లెండరేమిటి, బులెట్టేమిటి. మా చిన్నతనంలో బుచ్చిరెడ్డిపాళెంలో మా అమ్మ రోట్లో నూరిన గోంగూర పచ్చడి గుమాలింపు వీధి మలుపు దాకా వచ్చేది. రోట్లో నలిగితే నార నారగా నోటికి తగులుతుంది. మిక్సీలో అది జావ అవుతుంది, మీ బులెట్లో ఇక చెప్పనక్కరలేదు. రుచి పోయింది, ఓపిక పోయింది.

చీమకుర్తి బండ · మే 11, మధ్యాహ్నం 1:10

పెద్దాయనా, 6 అడుగుల వంటింట్లో రోలు పెడితే కోడలు గుమ్మంలో నిలబడి వండాలి.

పొదిలి పిన్ని · మే 11, మధ్యాహ్నం 3:35

అమ్మాయ్, మంచం కింద పెట్టడం నవ్వు తెప్పించినా అంత తప్పు ఆలోచన కాదు. నేల చల్లన. మా పొదిలి ఎండల్లో 30 ఏళ్లుగా మొలకలు కడుతున్నాను. ఓపిగ్గా చదువు.

గింజ మొలవాలంటే తడి కావాలి, గాలి కావాలి, మరీ మండని వేడి కావాలి. నువ్వు తడి ఇచ్చావు, గాలి మూసేశావు, వేడి రెట్టింపు చేశావు. నానిన గింజ ఊపిరి పీలుస్తుంది. దానికి ఊపిరాడకపోతే చస్తుంది, చచ్చిన గింజ కుళ్లుతుంది. నీకు వచ్చిన జిగురు అదే. ఫ్రిజ్ లోపలి వేడినంతా వెనక నుంచో పక్కల నుంచో బయటికి తోస్తుంది, అది పైకి ఎక్కుతుంది. డిసెంబరులో అది మంచి చోటే, నేనూ అక్కడే పెడతాను. మేలో కాదు.

రాత్రంతా నానబెట్టడం చలికాలపు మాట. ఇప్పుడు పెసలకు ఆరు గంటలు చాలు. అంతకు మించితే నీళ్లే పులుస్తాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే మేడ మీద ట్యాంకు నీళ్లు కాగి వస్తాయి, ఆ నీళ్లు పోయకు. కుండ నీళ్లు పోయి. ముందు మూడుసార్లు కడుగు, తేలిన గింజలు తీసెయ్యి. అవి పుచ్చులు.

నానాక చిల్లుల గిన్నెలో వంచి పావుగంట అలాగే వదిలెయ్యి. ఇక్కడే అందరూ తొందరపడతారు. అడుగున ఒక్క చెంచా నీళ్లు నిలిచినా ఆ అడుగు గింజలు మునిగి కుళ్లి, పైవాటినీ పాడుచేస్తాయి. తర్వాత పాత నూలు పంచె గుడ్డ ఉతికి, తడిపి, గట్టిగా పిండి, గింజలు వదులుగా మూట కట్టు. బిగించి కట్టావో, ఉబ్బడానికి చోటుండదు. ఆ మూటను సింకు పైన మేకుకు వేలాడదియ్యి. కారేది సింకులోకే కారుతుంది, గట్టు మీద చోటు అడగదు, చీమలు ఎక్కవు. ఐదారు గంటలకొకసారి మూట మూటగానే కుండ నీళ్లలో ముంచి, పైకెత్తి, కారనిచ్చి మళ్లీ తగిలించు. ఈ ఎండకు 12 గంటల్లో ముక్కు కనిపిస్తుంది. అర అంగుళం దాటనివ్వకు.

మొదటిసారి గుప్పెడే కట్టు. పాడైనా గుప్పెడే పోతుంది.

హాస్టలు వంటగాడు · మే 11, రాత్రి 9:15

ఒంగోలులో ముగ్గురం గది తీసుకుని ఉంటున్నాం. మాకు మేకు కూడా లేదు. పచ్చడి సీసా మూతికి పలుచటి గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి, గిన్నెలో ఏటవాలుగా బోర్లా నిలబెడతాం. నీళ్లు కారిపోతాయి, గాలి ఆడుతుంది. సీసాలో పావు వంతే గింజలు వేయాలి, మొలిచాక అవే సీసా నింపేస్తాయి.

ఒక అవమానం కూడా చెప్పేస్తాను. మొదటిసారి నేను రెండు రోజులు కాపలా కాసింది పెసరపప్పుకు. పొట్టు తీసిన పప్పుకు. అది ఎందుకు మొలవడం లేదో అర్థం కాక మా అమ్మకు ఫోను చేశాను. నాన్నకు చెప్పడానికి ఆవిడ ఫోను పక్కన పెట్టి వెళ్లింది. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

లెక్కల మాస్టారు, కావలి · మే 12, ఉదయం 6:10

బద్దగా విరిచాక మొలక ఎక్కడి నుంచి వస్తుంది నాయనా? మొలకయ్యేది రెండు బద్దల మధ్య ఒక కొసన ఉండే ముక్కు. మరపట్టినప్పుడే అది రాలిపోతుంది.

కరెంటు గురించి ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. 400 వాట్ల బ్లెండరు రోజుకు రెండు నిమిషాలు తిరిగితే నెలకు అర యూనిట్టు కూడా కాదు, 0.4 యూనిట్టు. వాట్లు చూసి భయపడనక్కరలేదు.

ఇంకో లెక్క. మొలకెత్తితే మాంసకృత్తులు అమాంతం పెరుగుతాయని ఫోన్లలో తెగ తిరుగుతోంది. 100 గ్రాముల పొడి పెసల్లో సుమారు 24 గ్రాములు ఉంటాయి. అవి నాని మొలిచి 250 గ్రాములు తూగుతాయనుకుందాం. పెరిగినదంతా నీళ్ల బరువే. కాబట్టి 100 గ్రాముల మొలకల్లో ఉండేది 10 గ్రాముల లోపే. పెరగలేదు, పలచబడింది.

గృహవిజ్ఞానం టీచరు · మే 12, ఉదయం 10:40

మాస్టారి లెక్క సరైనదే. కానీ మొలకల గొప్పతనం మాంసకృత్తుల్లో లేదు. పొడి గింజలో దాదాపు లేని సి విటమిను మొలకెత్తేటప్పుడు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా వెళ్లిన భారతీయ సైనికులు తాజా కూరగాయలు లేక చిగుళ్లు రక్తమోడే స్కర్వీతో బాధపడ్డారు. అప్పట్లో దానికి ఆలోచించిన మందుల్లో మొలకెత్తించిన పప్పుధాన్యాలు ఒకటి. పైగా గింజల్లో ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం కొంత తగ్గుతుంది. కడుపుబ్బరం తెప్పించే చక్కెరలూ తగ్గుతాయి.

అత్తయ్యగారికి పెడుతున్నానన్నారు కాబట్టి ఒక మాట. పచ్చివి పెట్టకండి. ఇడ్లీ రేకుల్లో నాలుగైదు నిమిషాలు ఆవిరి పట్టి పెట్టండి.

హాస్టలు వంటగాడు · మే 12, మధ్యాహ్నం 2:05

టీచరుగారూ, ఉడికిస్తే ఇప్పుడే చెప్పిన సి విటమిను పోతుంది కదా? పచ్చివి తినడానికే కదా మొలకలు? మేం జిమ్ముకు వెళ్లేవాళ్లం రోజూ పచ్చివే తింటాం, ఏమీ కాలేదు.

గృహవిజ్ఞానం టీచరు · మే 12, సాయంత్రం 5:30

ఇరవై ఏళ్ల కడుపుకు ఏమీ కాకపోవడం, డెబ్బై ఏళ్ల కడుపుకు ఏమీ కాకపోవడం ఒకటి కాదు బాబూ.

గింజకు నచ్చే వెచ్చని తేమే సూక్ష్మజీవులకూ నచ్చుతుంది. గింజ పొట్టు మీద పొలంలోనో గోదాములోనో అంటిన బాక్టీరియా నాలుగు ఉంటే, మూటలో ఒక రోజుకు అవి లక్షలవుతాయి. చూడటానికి, వాసనకు ఏమీ తెలియదు. 2011లో జర్మనీలో ఈ.కోలై అనే ప్రమాదకరమైన బాక్టీరియా సోకి 50 మందికి పైగా చనిపోయారు. మొదట దోసకాయల మీద అనుమానపడ్డారు. చివరికి తేలింది మెంతి మొలకలు. ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల దాకా ఆనవాలు పట్టుకున్నారు. అక్కడ శుభ్రత లేక కాదు, పచ్చి మొలకల స్వభావమే అంత.

ఆవిరి పడితే సి విటమిను కొంత పోతుంది, నిజమే. నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఇంకా పోతుంది. అందుకే ఆవిరి అన్నాను. తగ్గినదానికి పైన నిమ్మకాయ పిండుకోండి. మన జిల్లాలో నిమ్మకాయలకు కరువా? గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు పచ్చివి తినకూడదు. మిగతావాళ్లు వాళ్ల ఇష్టం. రాజ్మా మాత్రం ఎవరైనా సరే మొలకెత్తించి పచ్చిగా తినకండి, బాగా ఉడకని రాజ్మాలో వాంతులు తెప్పించే విషపదార్థం ఉంటుంది.

పాత రోలు · మే 12, సాయంత్రం 6:00

మా తాతలు పచ్చి శనగలు నానబెట్టుకుని నూరేళ్లు బతికారు. జర్మనీ వాళ్లకు అరగకపోతే మనకెందుకు?

గృహవిజ్ఞానం టీచరు · మే 12, సాయంత్రం 6:20

నూరేళ్లు బతికినవాళ్లనే మనం తాతలుగా గుర్తుపెట్టుకున్నాం. మిగిలినవాళ్లు తాతలు కాకముందే పోయారు.

నిర్వాహకుడు · మే 12, సాయంత్రం 6:45

తాతలను ఇక్కడితో వదిలేద్దాం. ఇద్దరూ పెద్దవాళ్లే. మొలకల గురించి మాట్లాడండి.

నాగులుప్పలపాడు రైతు · మే 13, ఉదయం 5:20

అందరూ నానబెట్టడం గురించి చెబుతున్నారు, గింజ గురించి ఎవరూ చెప్పలేదు. విత్తనాల కొట్లో దొరికే గింజలు మొలకలకు తేవద్దు. అవి విత్తడానికి మందు పట్టించినవి. గులాబీ, ఎరుపు, నీలం రంగు కనిపిస్తుంది. కడిగితే రంగు పోతుంది కానీ మందు పోదు. మా బంధువుల అబ్బాయి బాగా మొలుస్తాయని ఒక సంచి అడిగితే తిట్టి పంపాను. కిరాణా కొట్లో తినడానికి అమ్మే గింజలే కొనండి.

పాత సరుకు మొలవదు. కొట్లో ఎన్నేళ్లుగా ఉందో అడిగితే చెప్పరు, కాబట్టి ఇంటికి తెచ్చి పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. పదిలో ఎనిమిదికి మొలక వస్తే మంచి సరుకు. ఐదే వస్తే దాన్ని పప్పుకు వాడుకోండి. ఎంత నానినా రాయిలా ఉండే గింజలు కొన్ని తప్పవు, ఏరెయ్యండి, పళ్లు జాగ్రత్త.

శనగలైతే మా వైపు నల్లరేగడిలో పండే జేజీ-11 లాంటి దేశవాళీ ఎర్ర శనగ బాగా మొలుస్తుంది. కాక్-2 రకం పెద్ద తెల్ల శనగలకు పొట్టు పలచన, ఈ ఎండలకు మొలవక ముందే మెత్తబడతాయి. ఉలవలు మొండివి, పది పన్నెండు గంటలు నానాలి, మూటలో ఒకటిన్నర రోజు ఉండాలి. మా నాన్న ఒంగోలు గిత్తలకు ఉలవలు నానబెట్టేవాడు. మిగిలిన గుప్పెడు మూలన పడి మొలిస్తే మేం ఉప్పు కారం చల్లుకుని తినేవాళ్లం. ఎడ్లకంటే ముందు మాకే అందేది.

పొదిలి పిన్ని · మే 13, ఉదయం 8:00

శ్రావణంలో వాయనాల శనగలు ఇంటికి కుప్పలుగా వస్తాయి కదా, అవి తాలింపు పెట్టుకోవడానికి ఓపిక లేకపోతే మూట కట్టెయ్యండి. ఇప్పటికే నానినవి కాబట్టి సగం పని అయిపోయినట్టే. పసుపు కుంకుమ అంటినవి మాత్రం బాగా కడగాలి.

వేదాయపాళెం కోడలు · మే 14, రాత్రి 8:50

మొలిచాయి!

పిన్నిగారు చెప్పినట్టే గుప్పెడు పెసలు, అత్తయ్య పాత చీర ముక్క, సింకు పైన మేకు. నిన్న ఉదయం 6 గంటలకు నానబోసి మధ్యాహ్నం 12కు మూట కట్టాను. పడమటి గాలి కొడుతూ ఉంటే గుడ్డ గంటకే ఆరిపోతోంది, అందుకని నాలుగు గంటలకొకసారి ముంచాను. రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఒంటిగంటకు మెలకువ వచ్చినప్పుడు ఒకసారి. పసిపిల్లను చూసుకున్నట్టుంది. ఈ ఉదయం విప్పితే గింజ గింజకూ తెల్లటి ముక్కు. అత్తయ్య చూసి, మా పెళ్లిలో పాలికల్లో నవధాన్యాలు ఇంత బాగా రాలేదే అన్నారు. అది మెచ్చుకోలో, పెళ్లి ఏర్పాట్ల మీద పాత ఫిర్యాదో తేల్చుకోలేకపోయాను.

ఆవిరి పట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసంతో పెట్టాను. తిన్నారు. రేపూ ఉన్నాయా అని అడిగారు.

ఒక అనుమానం. ఉత్సాహం ఎక్కువై మెంతులు కూడా కట్టాను. వాటి వేళ్ల మీద తెల్లగా నూగులాంటిది పట్టింది. బూజేనా?

గృహవిజ్ఞానం టీచరు · మే 14, రాత్రి 9:30

నూగు వేరు పొడవునా ఒకే తీరుగా, సన్నటి వెంట్రుకల్లా ఉండి, నీళ్లలో ముంచితే కనిపించకుండా పోతే అది వేరు నూగు. గింజ నీళ్లు వెతుక్కుంటోందని అర్థం, ఇంకాస్త తరచుగా తడపండి. అలా కాకుండా అక్కడక్కడ పట్టులా అల్లుకుని, గింజ నుంచి గింజకు పాకి, కడిగినా పోకుండా, ముక్కిన వాసన వేస్తే బూజు. అలాంటప్పుడు పాడైనవి ఏరేసి మిగతావి వాడుకుందామని చూడకండి, మొత్తం పారేయండి.

హాస్టలు వంటగాడు · మే 15, ఉదయం 7:40

హోటల్లో నూడుల్సులో వేసే పొడుగాటి లావు మొలకలు మనకు ఎందుకు రావు? మావి దారాల్లా ఉంటాయి.

లెక్కల మాస్టారు, కావలి · మే 15, ఉదయం 8:15

వాటిని చీకట్లో పెట్టి, మీద బరువు పెడతారు. బరువు తగిలిన మొలకలో ఇథిలీన్ వాయువు ఎక్కువగా ఊరి, కాడ సాగకుండా లావెక్కుతుంది. వెలుతురు తగిలితే ఆకుపచ్చబడి చేదెక్కుతాయి. నాలుగైదు రోజులు పడుతుంది, ఈ మే నెలలో ప్రయత్నించకు.

వేదాయపాళెం కోడలు · మే 18, ఉదయం 9:10

మొలకల పెసరట్టు వేద్దామని బ్లెండరులో రుబ్బాను. మేస్త్రిగారు చెప్పినట్టే గింజలు ముందు, నీళ్లు ఆఖరున, ఐదేసి సెకన్లు. పిండి చక్కగా నలిగింది, మోటారు వేడెక్కలేదు. కానీ అట్టు పెనానికి అంటుకుపోయింది. అంటుకోనిది మాడిపోయింది. కారడం ఇంకా ఆగలేదు, గట్టంతా పచ్చటి చుక్కలు. పై వాటాలో ఉండే ఇంటావిడ ఉదయం ఆరింటికి ఆ మోత ఏమిటని అడిగారు.

పొదిలి పిన్ని · మే 18, ఉదయం 9:55

మొలక ఎంత పొడుగు పెరగనిచ్చావు? పొడుగైతే గింజలోని పిండి తీపిగా మారుతుంది, ఆ తీపే పెనం మీద తొందరగా మాడుతుంది, పట్టుకుంటుంది. అట్టుకు ముక్కు పగిలి గోరంత వస్తే చాలు. కప్పు మొలకలకు రెండు చెంచాల బియ్యం నానబెట్టి కలుపు, కరకరలాడుతుంది. మంట మధ్యస్థంగా పెట్టు. రుబ్బిన పిండి పులియబెట్టకు, అప్పటికప్పుడే పొయ్యాలి. అల్లం, పచ్చిమిరప, జీలకర్ర రుబ్బేటప్పుడే వేసెయ్యి.

కప్పులో మిగిలింది గీకడానికి స్టీలు గరిటె పెట్టకు, బ్లేడుకు తగిలి అంచు పోతుంది. ఉదయగిరి కొయ్య చెంచా సన్నటిది ఒకటి కొనుక్కో, అడుగు దాకా వెళుతుంది.

వైండింగ్ మేస్త్రి, ఒంగోలు · మే 18, మధ్యాహ్నం 1:30

మోతకు ఒక ఉపాయం. బ్లెండరు సరాసరి గ్రానైటు గట్టు మీద పెడితే ఆ బండంతా దానితో పాటు మోగుతుంది. కింద మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టండి. గోడకు ఆనించకండి. అడుగున గాలి పోయే చీలికలు ఉంటే మాత్రం తువ్వాలు వాటిని మూయకూడదు, పాత రబ్బరు చాప ముక్క మేలు.

కడగడానికి కప్పులో సగం నీళ్లు, చుక్క సబ్బు వేసి పది సెకన్లు తిప్పితే చాలు. మోటారు భాగాన్ని కుళాయి కింద పెట్టకండి, పిండిన తడిగుడ్డతో తుడవండి.

కారడం గురించి మీరు 11న ఒక మాట రాశారు, నేను సరిగ్గా చదవలేదు. రెండో వాషరు కూడా వేశానన్నారు. ఒకదాని మీద ఒకటా?

వేదాయపాళెం కోడలు · మే 18, మధ్యాహ్నం 1:42

అవునండీ. ఒకటి ఉంటే కారుతోంది కదా, రెండు ఉంటే ఇంకా గట్టిగా ఉంటుందని.

వైండింగ్ మేస్త్రి, ఒంగోలు · మే 18, మధ్యాహ్నం 1:50

ఒకటి తీసెయ్యండి. అది అదనంగా ఇచ్చింది, మొదటిది అరిగినప్పుడు మార్చుకోవడానికి. రెండు ఉంటే మూత మర చివరిదాకా బిగియదు. ఉన్న ఒక్కటి కూడా గాడిలో సమంగా, మెలిక లేకుండా కూర్చుందో లేదో వేలితో చుట్టూ నొక్కి చూడండి. మొదట ఒకటే ఉన్నప్పుడు కారింది ఆ మెలిక వల్లే అయ్యుంటుంది.

చీమకుర్తి బండ · మే 18, మధ్యాహ్నం 1:55

వారం రోజులుగా ఇంతమందిమి కలిసి చర్చించిన రహస్యం రబ్బరు ముక్క!

పాత రోలు · మే 18, సాయంత్రం 4:10

రోలుకు వాషరు ఉండదు. ఊరికే చెబుతున్నాను.

వేదాయపాళెం కోడలు · మే 27, ఉదయం 8:25

రోహిణి కార్తెలో ఉన్నాం, మధ్యాహ్నం మేకు కూడా చేతికి చుర్రుమంటోంది. అయినా మొలకలు ఆగలేదు. మధ్యాహ్నం మూట విప్పి, తడిగుడ్డ కప్పిన మట్టి మూకుట్లో నేల మీద కుండ పక్కన పెడుతున్నాను. చీమలకు చుట్టూ నీళ్ల పళ్లెం. గోరంత రాగానే ఫ్రిజ్ లోపలికి, రెండు రోజుల్లో ఖాళీ. ఫ్రిజ్ మీద ఇప్పుడు ఉప్పుడబ్బా ఉంది.

వాషరు ఒక్కటే వేశాక చుక్క కారలేదు. రెండోది సొరుగులో భద్రంగా ఉంది. రబ్బరు చాప ముక్క కింద వేశాక ఇంటావిడ మోత గురించి మళ్లీ అడగలేదు. కానీ నిన్న కిందికి దిగివచ్చి, సింకు పైన వేలాడే మూట చూసి, మీ ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదా ఆ ఉయ్యాల ఎవరికి అన్నారు. ఆవిరి పట్టినవి గిన్నెలో పోసి ఇచ్చాను. ఈ ఉదయం గిన్నె తిరిగి వచ్చింది, అందులో పావుకిలో ఉలవలు పోసి.

పిన్నిగారూ, ఉలవలకు గుడ్డ అదే చాలునా, కాస్త మందపాటిది కావాలా?

పొదిలి పిన్ని · మే 27, ఉదయం 8:50

అదే చాలు. ఇప్పుడే నానబోస్తే రాత్రికి మూట కట్టొచ్చు. పావుకిలో ఒకేసారి వేయకు.